నర్సీపట్నంలో నీమో కాపురం

ఈ వారం ప్రశ్న నర్సీపట్నం నుంచి. అడిగింది కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. మొదటి జీతాల్లోంచి పాతిక వేలు పక్కన పెట్టాడట, ఇంట్లో ఉప్పునీటి రీఫ్ ట్యాంక్ కోసం. షాపువాళ్లు రాసిచ్చిన లిస్టుని ఫొటో తీసి పంపాడు. రెండడుగుల ట్యాంక్, బ్లూ లైటు, లైవ్ రాక్ పది కిలోలు, కోరల్ చిప్స్ ఒక బస్తా, నీమోలు రెండు, డోరీ ఒకటి, హ్యామర్ కోరల్ ఒకటి, ఆఫర్ కింద సముద్ర గుర్రం ఒకటి. చివర్లో "అన్నా, ఇంకేమైనా కావాలా?" అని అడిగాడు.

కావాలి తమ్ముడూ, చాలానే కావాలి. అసలు కావాల్సినవాటిలో సగం ఆ లిస్టులో లేవు. ఉన్నవాటిలో సగం కొట్టేయాలి. అందులో మూడు నాలుగు ఐటమ్స్ అయితే ఇంట్లో ఉంటే చేపలు బతుకుతాయా లేదా అన్నది తర్వాతి మాట, ముందు కేసు అవుతుంది. దాని సంగతి కిందికి వచ్చాక చెప్తాను. ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఉప్పునీటి ట్యాంక్‌లో డబ్బు ఖర్చుపెట్టే వరస తలకిందులుగా ఉంటుంది. నీళ్లు మొదట, చల్లదనం తర్వాత, కరెంటు ఆ తర్వాత. చేప ఆఖరున. షాపులో మాత్రం చేప నుంచి మొదలుపెడతారు, ఎందుకంటే మనం చూసి మురిసిపోయేది దాన్నే.

సముద్రం పక్కనే ఉందిగా!

నర్సీపట్నం నుంచి రేవుపోలవరం బీచ్‌కి బండి మీద గంటా గంటన్నర. అందుకే చాలామందికి వచ్చే మొదటి ఐడియా నాలుగు క్యాన్లు పట్టుకెళ్లి సముద్రం నీళ్లు తెచ్చేసుకోవడం. ఖర్చు లేదు, ఒరిజినల్ సరుకు. వినడానికి బాగుంటుంది.

కానీ మన తీరంలో లక్షద్వీప్‌లో ఉన్నట్టు పగడపు దిబ్బలు ఎందుకు లేవో ఒక్కసారి ఆలోచించండి. దేశంలో పెద్ద పగడపు దిబ్బలు ఉన్నవి లక్షద్వీప్, అండమాన్ నికోబార్, తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి, గుజరాత్‌లో కచ్ సింధుశాఖ. విశాఖ వైపు నీటి అడుగు రాళ్ల మీద అక్కడక్కడా పగడాలు కనిపిస్తాయి గానీ దిబ్బ కట్టేంత లేవు. పగడానికి మూడు కావాలి. తేటనీరు, బాగా ఎండ వెలుతురు, మారని ఉప్పు. బంగాళాఖాతంలోకి గోదావరి, మహానది, గంగ, బ్రహ్మపుత్ర కలిసి వానాకాలం అంతా మంచినీళ్లు, మట్టి కుమ్మరిస్తాయి. వానలు వెనకబడేసరికి మన తీరం పైనీటిలో ఉప్పు బాగా పడిపోతుంది. మేలో తెచ్చిన క్యానులో ఉన్న ఉప్పు అక్టోబర్‌లో తెచ్చిన క్యానులో ఉండదు. పైగా ఒడ్డున ఉండే నీటిలో మట్టి, బోట్ల డీజిల్, ఇంకా ఏమేం ఉన్నాయో మీకు తెలీదు. రెండు లీటర్లయితే ఏమో గానీ వారం వారం దాని మీద ఆధారపడలేం.

ఇక్కడ చిన్న చరిత్ర. ఈ హాబీలో మొదటి నుంచీ రెండు దారులున్నాయి. ఒకటి జకార్తా దారి. ఇండోనేసియాలో లీ చిన్ ఇంగ్ అనే ఆయన సముద్రం నుంచి నీళ్లు, జీవులు పట్టుకున్న రాళ్లు తెచ్చి, గాలి బుడగలు తప్ప పెద్ద ఫిల్టర్ ఏదీ లేకుండా ట్యాంకులో పగడాలు బతికించాడు. 1961లో అమెరికన్ పత్రికలో దాని గురించి రాశాడు. ఇవాళ అందరూ లైవ్ రాక్, లైవ్ రాక్ అంటున్నది అక్కడి నుంచి వచ్చిందే. రెండోది ఇంకా పాతది, లండన్ దారి. రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్ట్ ఊరి మధ్యలో కూర్చుని, సముద్రం నీళ్లలో ఏమేం లవణాలు ఎంతెంత ఉన్నాయో చూసి, వాటిని మంచినీటిలో కలిపి సముద్రం నీళ్లు తయారుచేసుకున్నాడు. 1854లో ఆ ఫార్ములా అచ్చేశాడు. నర్సీపట్నం మ్యాప్‌లో జకార్తాకి దగ్గరగా కనబడుతుంది గానీ మనం పట్టాల్సింది లండన్ దారే.

నీళ్లు

ఉప్పు అనగానే వంటింటి ప్యాకెట్ గుర్తొస్తుంది. పనికిరాదు. కిలో సముద్రం నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో క్లోరైడ్ 19 గ్రాములు, సోడియం దాదాపు 11. అంటే 30 గ్రాములు మనం వంటలో వాడే ఉప్పే. మిగతా ఐదు గ్రాముల్లోనే అసలు కథంతా ఉంది. సల్ఫేట్, మెగ్నీషియం, క్యాల్షియం, పొటాషియం, బైకార్బొనేట్. నత్త గుల్ల కట్టాలన్నా, నీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య నిలబడాలన్నా ఈ ఐదు గ్రాములే దిక్కు. అందుకే అక్వేరియం కోసమే తయారైన మెరైన్ సాల్ట్ మిక్స్ కొనాలి. లీటరుకి 35 నుంచి 38 గ్రాములు పడుతుంది, బ్రాండుని బట్టి మారుతుంది, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది.

మరి దాన్ని ఏ నీటిలో కలపాలి? ఇక్కడే మన ఊళ్లలో చాలా ట్యాంకులు మునిగిపోతాయి. బోరు నీళ్లు వద్దు. వాటిలో ఉండే నైట్రేట్, సిలికేట్ లాంటివి నాచుకి పండగ. ఇంట్లో ఉన్న ప్యూరిఫయర్ నీళ్లు? అది ఆర్వోనే కావచ్చు, కానీ రుచి కోసం చాలా మెషిన్లలో కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతారు. టెక్నీషియన్‌ని పిలిచి, ఆ కలిపేచోటికి ముందు, మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చే పైపుకి ఒక చిన్న ట్యాప్ పెట్టించుకుంటే సరి. వీధి చివర ప్లాంట్‌లో దొరికే ఇరవై లీటర్ల వాటర్ టిన్నుకీ ఇదే సమస్య. కొన్నిచోట్ల ఒకరోజు ఒకలా ఉంటుంది, మర్నాడు ఒకలా. మీరు చేయాల్సిందల్లా పెన్నులా ఉండే టీడీఎస్ మీటర్ ఒకటి కొని జేబులో వేసుకోవడం. సున్నా చూపిస్తే మహారాజు. పదిలోపు ఉంటే నడుస్తుంది. వంద చూపించే నీళ్లు తాగడానికి భేషుగ్గా ఉంటాయి, ఉప్పు కలపడానికి వద్దు.

ఉప్పు సరిగ్గా కలిసిందో లేదో చూడ్డానికి రిఫ్రాక్టోమీటర్ కావాలి. రెండు చుక్కలు గాజు మీద వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే గీత కనబడుతుంది. 35 దగ్గర ఆగాలి. తేలే ముల్లుతో వచ్చే చవక హైడ్రోమీటర్ల మీద నాకు నమ్మకం లేదు, గాలి బుడగ ఒక్కటి అంటుకున్నా అబద్ధం చెప్తాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ట్యాంక్ నుంచి ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి రోజూ తగ్గిన మేరకు నింపాల్సింది ఉప్పు కలపని ఆర్వో నీళ్లు. 75 లీటర్ల నీళ్లున్న ట్యాంక్ మీద ఏప్రిల్‌లో ఫ్యాన్ పెడితే రోజుకి లీటరున్నర ఎగిరిపోవడం మామూలే. ఒకరోజు మర్చిపోతే ఏం కాదు. వారం ఊరెళ్లి వస్తే పది లీటర్లు పోయి, 35 ఉన్న ఉప్పు 40 దాటేస్తుంది. అందుకే గాజు మీద మార్కర్‌తో గీత గీసి, రోజూ పొద్దున పళ్లు తోముకున్నట్టే, ఆ గీత దాకా నింపెయ్యాలి. ఇంట్లో అమ్మకి కూడా చెప్పి ఉంచండి. ఏ క్యాన్‌లోది ఉప్పునీళ్లో ఏ క్యాన్‌లోది మంచినీళ్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, లేకపోతే ఆదివారం చుట్టాలెవరో తాగేస్తారు.

ఎండ, కరెంటు

ఉప్పునీటి ట్యాంక్ గురించి యూట్యూబ్‌లో చూసే వీడియోలు ఎక్కువ అమెరికా, యూరప్‌వి. వాళ్ల బాధ చలి. లిస్టులో మొదట హీటర్ చెప్తారు. మన బాధ వేరు. రీఫ్ జీవులకి 24 నుంచి 27 డిగ్రీలు హాయి. నర్సీపట్నంలో మే నెల మధ్యాహ్నం బయట నలభై. డాబా మీద శ్లాబ్ కింద పై పోర్షన్‌లో ఉంటే లోపల కూడా దానికి పెద్ద తేడా ఏం ఉండదు. ఆ గదిలో నీళ్లు 32, 33కి చేరడానికి రెండు మూడు రోజులు చాలు.

వేడి వల్ల రెండు దెబ్బలు పడతాయి. ఒకటి గాలి. 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకి 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. అదే వేడి దగ్గర సముద్రపు నీటిలో 6.7 మాత్రమే. 30 డిగ్రీలకి అది 6.2కి పడిపోతుంది. అంటే ఉప్పునీటి చేప అసలే తక్కువ బడ్జెట్‌లో బతుకుతోంది, ఎండాకాలం అందులోనూ కోత. రెండోది పగడాలకి. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు ఉంటుంది. ఎండలో వంట వండి పెట్టేది ఆ నాచే, రంగులో ఎక్కువ భాగం కూడా దానిదే. నీరు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచుని బయటికి తోసేసి తెల్లగా పాలిపోతుంది. అసలు సముద్రంలోనే ఇది జరుగుతోంది. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు ఇలా తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర పరిశోధన సంస్థ నోవా ప్రకటించింది. అదే వేసవిలో మన లక్షద్వీప్‌లోనూ దిబ్బలు తెల్లబోయాయి. అంత సముద్రం తట్టుకోలేని వేడిని 75 లీటర్లు తట్టుకుంటాయని అనుకోవడం అత్యాశ.

కాబట్టి ట్యాంక్ ఎక్కడ పెట్టాలన్నది మొదటి నిర్ణయం. కింది అంతస్తు, ఉత్తరం వైపు గది, పడమటి గోడకి ఆనకుండా, కిటికీ ఎండ పడకుండా. ఇల్లు సొంతమైనా అద్దెదైనా ఇదే. మీకున్నది పై పోర్షనే, ఏసీ లేదు అంటే ఈ ఏడాదికి మంచినీటి గప్పీలతో సరిపెట్టుకోండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

తర్వాత చిన్న క్లిప్ ఫ్యాన్లు. నీటి మీదుగా గాలి వీచేలా పెడితే నీరు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కుండలో నీళ్లు చల్లబడ్డట్టే. మార్చి, ఏప్రిల్ పొడి ఎండలో బాగా పనిచేస్తాయి. ఉక్కపోత మొదలయ్యాక వాటి పనితనం తగ్గిపోతుంది. అప్పుడు చిల్లర్. కానీ దాని ఖర్చు ఇరవై వేల పైమాటే, మన తమ్ముడి బడ్జెట్ మొత్తం అక్కడే అయిపోతుంది. మధ్య దారి ఏంటంటే వేసవి రెండు నెలలు పగలు గదిలో ఏసీ 27 దగ్గర పెట్టుకోవడం. ఐస్ ముక్కలు వేయడం, ఐస్ బాటిల్ ముంచడం లాంటివి అత్యవసరానికి తప్ప వద్దు. వేడి నిదానంగా ఎక్కడం కంటే గంటలో నాలుగు డిగ్రీలు దిగడం ప్రమాదం.

డిసెంబర్‌లో సీన్ రివర్స్. లంబసింగి మంచు చూడ్డానికి బండ్లన్నీ మన ఊరి మీదుగానే పోతాయి కదా. ఆ చలి కొంచెం మనకీ తగులుతుంది. ఆ నెలా రెండు నెలల కోసం థర్మోస్టాట్ ఉన్న వంద వాట్ల హీటర్ చాలు. మిగతా పది నెలలు అది అట్టపెట్టెలో ఉంటుంది.

ఇప్పుడు కరెంటు. చేప చావడానికి ఎక్కువ టైం పట్టదు. పంపు ఆగితే పైనీరు కదలదు, గాలి కలవదు. రాళ్లలో ఉన్న బ్యాక్టీరియాకీ ఆక్సిజన్ కావాలి, అది కూడా చేపతో పోటీ పడుతుంది. వేసవి రాత్రి నాలుగైదు గంటలు కరెంటు లేకపోతే పొద్దున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే సగం సమస్య తీరినట్టే. లెక్క చూడండి. వేవ్ మేకర్ పది వాట్లు, ఎయిర్ పంపు ఐదు, చిన్న ఫ్యాన్ ఐదు, మొత్తం ఇరవై. 150 ఏహెచ్ బ్యాటరీలో 1800 వాట్ అవర్స్ ఉంటాయి. సగమే వాడినా 45 గంటలు లాగుతుంది, దాని మీద ఇంకేం లేకపోతే. కానీ అదే ఇన్వర్టర్ మీద మూడు సీలింగ్ ఫ్యాన్లు, టీవీ, వైఫై ఉంటాయి. అవి నాలుగైదు గంటల్లో ఊడ్చేస్తాయి. కాబట్టి ట్యాంక్ కోసం విడిగా, కరెంటు పోగానే దానంతటదే ఆన్ అయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పెట్టుకోండి. వెయ్యి, రెండు వేలకి మించని వస్తువు. ట్యాంక్ మొత్తంలో ఇంత చవకగా ప్రాణాలు కాపాడేది ఇంకోటి లేదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి తుపాను మళ్లీ వస్తే ఇన్వర్టర్ కూడా చాలదు. అప్పుడు గంటకోసారి మగ్గుతో నీళ్లు ఎత్తి పోయడమే. వినడానికి నవ్వొస్తుంది, పనిచేస్తుంది.

ఒక జాగ్రత్త, ఇది చేప కోసం కాదు, మీ కోసం. ఉప్పునీటిలో కరెంటు సులువుగా పారుతుంది. వైర్లన్నీ ప్లగ్ కంటే కిందికి వంగి మళ్లీ పైకెళ్లేలా వదలండి, అప్పుడు వైరు మీద జారిన చుక్క ప్లగ్‌లోకి పోదు. ఆ లైనుకి ఆర్‌సీసీబీ పెట్టించండి. నీటిలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆఫ్.

ట్యాంక్, సామాను

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండడుగుల పొడవు, పదిహేనంగుళాల వెడల్పు, పదిహేనంగుళాల ఎత్తు. నిండా 88 లీటర్లు, రాళ్లూ ఖాళీ పోను 75. ఇంతకంటే చిన్నది వద్దు. నీళ్లు ఎంత తక్కువైతే ఉప్పు, వేడి అంత త్వరగా అటూ ఇటూ అవుతాయి. నీళ్లతో వంద కిలోలు దాటుతుంది కాబట్టి ప్లాస్టిక్ టేబుల్ మీద పెట్టొద్దు. ఇనుప స్టాండ్ అయితే పెయింట్ బాగా వేయించండి, ఉప్పు తుంపర తినేస్తుంది. గంటకి వెయ్యి నుంచి పదిహేను వందల లీటర్లు కదిలించే వేవ్ మేకర్ ఒకటి. పైన మూతకి బదులు దోమతెర లాంటి వల, గాలి ఆడాలి, చేప దూకకూడదు. లైటు మామూలు ఎల్ఈడీ, తెలుపు నీలం కలిసినది, రోజుకి ఎనిమిది గంటలు. పగడాల్లేని ట్యాంక్‌కి పది వేల లైటు దండగ. ప్రోటీన్ స్కిమ్మర్ లేకపోయినా వారానికి పది శాతం నీళ్లు మారిస్తే ఈ సైజుకి సరిపోతుంది. నెలకి కిలో పైచిలుకు ఉప్పు, చిల్లర్ లేకపోతే రోజుకి ఒక యూనిట్ లోపు కరెంటు. అంతే.

నెలన్నర ఖాళీ ట్యాంక్

ఇది ఎవరికీ నచ్చని భాగం. నీళ్లు, రాళ్లు, పంపు అన్నీ సెట్ చేశాక చేపని వేయకూడదు. మార్కెట్ నుంచి పచ్చి రొయ్య ఒకటి తెచ్చి ట్యాంక్‌లో పడేయండి. అది కుళ్లుతుంది, అమోనియా వస్తుంది. అమోనియాని తినే బ్యాక్టీరియా రాళ్ల మీద పుడుతుంది, దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ఆ నైట్రైట్‌ని తినే ఇంకో రకం వస్తుంది, నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకి విషం, మూడోది కొంత వరకు పర్వాలేదు. టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ పైకి వెళ్లి, మళ్లీ రెండూ సున్నాకి వచ్చేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు. ఈలోపు గోధుమ రంగు నాచు వస్తుంది, ఇంట్లోవాళ్లు "పాతిక వేలు పెట్టి మురికి నీళ్లు పెంచుతున్నావా" అంటారు. అననివ్వండి. మొదటి రోజే నీమోని వేసి మూడో రోజు తీసి పారేసేవాళ్లందరూ ఈ నెలన్నర ఆగనివాళ్లే.

ఆ లిస్టులో కేసులు

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 అంటే పులులు, నెమళ్లు అనుకుంటాం. 2001లో అందులో సముద్ర జీవులని కూడా చేర్చారు. దిబ్బ కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడం, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్ మొదటి షెడ్యూల్‌లో, అంటే పులి పక్కన. మొదటి షెడ్యూల్ జీవుల విషయంలో తప్పు చేస్తే మూడు నుంచి ఏడేళ్ల జైలు, దాంతో పాటు జరిమానా. సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా ఆ చట్టం రక్షణలోనే ఉన్నాయి.

ఇప్పుడు తమ్ముడి లిస్టు మళ్లీ చూద్దాం. హ్యామర్ కోరల్ మెత్తగా ఊగుతుంటుంది గానీ కింద రాతి అస్థిపంజరం ఉన్న పగడమే. టార్చ్, బబుల్, బ్రెయిన్, ఆక్రోపోరా అన్నీ అలాంటి రాతి పగడాలే. లైవ్ రాక్ అంటే చాలాసార్లు దిబ్బ నుంచి విరగ్గొట్టిన పగడపు రాయి. కోరల్ చిప్స్ అంటే అదే పగడాన్ని ముక్కలు చేసి బస్తాలో నింపింది. చచ్చిపోయిన పగడానికి కూడా చట్టం వర్తిస్తుంది. సముద్ర గుర్రం సరేసరి. "అందరూ అమ్ముతున్నారు కదా, ఏం కాదు సార్" అంటారు. రేపు అధికారులు వస్తే అది ఉన్నది మీ ఇంట్లో.

చట్టం పక్కన పెట్టినా, ఒక్క మాట. పగడపు దిబ్బ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరిగే చోట ఎవడో గడ్డపారతో కొట్టి తెచ్చిన రాయి మన డ్రాయింగ్ రూమ్‌కి అందమా? నాకైతే కాదు.

రాళ్ల బదులు అక్వేరియం కోసం తయారుచేసిన సిరామిక్ రాక్ ఆరేడు కిలోలు తీసుకోండి. నెలన్నరలో బ్యాక్టీరియా దానికీ పడుతుంది, ఏడాదికి ఊదా రంగు పూత కూడా పట్టొచ్చు. ఇసుక మొదటి ఏడాది లేకుండా గాజు అడుగే ఉంచితే శుభ్రం చేయడం తేలిక. విశాఖ, భీమిలి బీచ్ ఇసుక మాత్రం తేవద్దు. అందులో నల్లగా మెరిసేది ఇల్మనైట్, అంటే ఇనుము, టైటానియం ఉన్న ఖనిజం.

మష్రూమ్, జోవా లాంటి మెత్తటి రకాలు ఆ పేర్ల జాబితాలో లేవు కదా అని కొందరు అడుగుతారు. లేవు. కానీ మొదటి ఏడాది వాటి జోలికీ పోవద్దన్నది నా సలహా. ట్యాంక్‌లో పెంచిన ముక్కలని, బిల్లుతో ఇచ్చేవాళ్లు దొరికాకే ఆలోచించండి. జోవాల్లో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్లలో మరిగించి ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రిపాలైన కుటుంబాలు విదేశాల్లో ఉన్నాయి. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

ఇంతకీ ఎవరెవరు ఉంటారు?

నీమోలు ఉంటాయి! జంట. నీమో అంటే క్లౌన్ చేప, ఒసెల్లారిస్ రకం. ఉప్పునీటి చేపల్లో హేచరీలో పుట్టినది దొరికే కొన్నిటిలో ఇదొకటి. మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్ఆర్ఐ, విళింజం, మండపం కేంద్రాల్లో క్లౌన్ చేపలని పుట్టించి పెంచే పద్ధతి తయారుచేసింది. షాపులో "హేచరీదా, సముద్రంలో పట్టిందా?" అని అడగండి. హేచరీ పిల్ల పుట్టినప్పటి నుంచి ట్యాంక్ నీళ్లు, గుళికల మేత ఎరుగును, మీ ఇంట్లోనూ సర్దుకుంటుంది. సముద్రంలో పట్టినవి ఎలా పట్టారో మనకి తెలీదు. ఫిలిప్పీన్స్, ఇండోనేసియా దిబ్బల్లో సయనైడ్ చల్లి మత్తెక్కించి పట్టిన చరిత్ర ఉంది. అలా పట్టిన చేప షాపులో బాగానే ఈదుతుంది, ఇంటికొచ్చాక పోతుంది.

క్లౌన్ చేపల సంసారం తమాషాగా ఉంటుంది. పిల్లలన్నీ పుట్టేది మగగానే. జంటలో పెద్దది, పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది. ఆమె పోతే మగాడే ఆడదవుతాడు. సినిమాలో ఆ సంగతి దాచిపెట్టారు. కుదురుకున్నాక ఏదో ఒక చదునైన రాయి మీద గుడ్లు పెడతాయి, వాటికి కాపలా, విసరడం అన్నీ మగచేప డ్యూటీ. వారం రోజులకి రాత్రిపూట పిల్లలు బయటికొస్తాయి. తాబేలంత కాదు గానీ బాగా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతాయి. అంటే మీ పెళ్లి, రెండు ట్రాన్స్‌ఫర్లు, మొదటి పిల్లాడి స్కూల్ అడ్మిషన్ అన్నీ చూస్తాయి. ఆ సంగతి ఇప్పుడే లెక్కలో వేసుకోండి. రేపు హైదరాబాద్ పోస్టింగ్ వస్తే నర్సీపట్నంలో ఆ గీత దాకా నీళ్లు నింపేది ఎవరు?

ఎనిమోన్ పువ్వు కూడా పెట్టాలని ఉంటుంది, అందులో నీమో దాక్కోవాలి కదా! అవసరం లేదు. అది లేకుండానే క్లౌన్ చేపలు హాయిగా ఉంటాయి. ఎనిమోన్ మాత్రం పాత, నిలకడైన ట్యాంక్ అడుగుతుంది, నచ్చకపోతే నడుచుకుంటూ వెళ్లి వేవ్ మేకర్‌లో పడి ట్యాంక్ మొత్తాన్ని పాడుచేస్తుంది.

డోరీకి నో. నీలం రంగు ఆ చేప అడుగు దాకా పెరుగుతుంది, రోజంతా ఈదుతూ తిరిగే రకం. రెండడుగుల ట్యాంక్‌లో అది మధ్యతరగతి బాత్రూమ్‌లో గుర్రాన్ని కట్టేసినట్టు. దాన్ని ట్యాంక్‌లో పుట్టించడం 2016లో ఫ్లోరిడా యూనివర్సిటీ శాస్త్రవేత్తలకి కుదిరింది, అయినా మార్కెట్లో ఉన్నవి ఎక్కువ సముద్రంలో పట్టినవే. చవకగా దొరికే నీలం డామ్సెల్ చేపలు కూడా వద్దు, పెద్దయ్యాక వీధి రౌడీలు. మాండరిన్ చేప రంగులు చూసి పడిపోకండి, అది కంటికి ఆనని చిన్న చిన్న జీవులనే వెతుక్కుంటూ తింటుంది, కొత్త ట్యాంక్‌లో పస్తులతో పోతుంది.

కాబట్టి మొదటి ఏడాది జాబితా ఇది. క్లౌన్ జంట. మూడు నెలల తర్వాత, అన్నీ నిలకడగా ఉంటే, గోబీ ఒకటి. నాచు తినడానికి నాలుగైదు నత్తలు. అంతే, ఇంకెవరూ వద్దు. మేత రోజుకి రెండుసార్లు, నిమిషంలో తినేసేంత. పాతిక వేలల్లో చేపలకి అయ్యేది తక్కువ, మిగతా అంతా నీళ్లు, ఫ్యాన్లు, బ్యాటరీ పంపు, టెస్ట్ కిట్లు. చిల్లర్ కోసం వచ్చే వేసవిలోపు నెలకి కొంత పక్కన పెట్టుకోవచ్చు.

చేప దొరికేది విశాఖలోనో, చెన్నై కొళత్తూరులోనో. ఫోన్ చేసి ఆర్డర్ పెట్టే కంటే విశాఖ వెళ్లి, చేప మీ కళ్లముందు తింటోందో లేదో చూసి కొనండి. మేత వేయమని అడగండి, వేయనంటే వెనక్కి వచ్చేయండి. సాయంత్రం చల్లబడ్డాక బయల్దేరండి. కవర్‌లో ఆక్సిజన్ నింపించి, థర్మోకోల్ డబ్బాలో పెట్టి, బస్సులో ఇంజిన్ పక్క సీటు కాకుండా వేరే చోట కూర్చోండి. ఇంటికొచ్చాక లైట్లు ఆర్పేసి, కవర్‌ని పదిహేను నిమిషాలు ట్యాంక్ నీటి మీద తేలనివ్వండి. తర్వాత చేపని కవర్ నీళ్లతో సహా చిన్న బకెట్‌లోకి మార్చి, ట్యాంక్ నుంచి సన్న పైపుతో చుక్కలు చుక్కలుగా నీళ్లు వదలండి, అరగంట, ముప్పావు గంట. ఆ తర్వాత చేపని మాత్రమే వలతో తీసి వేయాలి, షాపు నీళ్లు సింక్‌లోకి. ఆ రాత్రి మేత వేయొద్దు, లైటు వేయొద్దు, ఫ్రెండ్స్‌ని పిలవొద్దు. అవి ఏదో ఒక మూలకి వెళ్లి నక్కుతాయి. స్టేటస్ పెట్టాలంటే మర్నాడు పొద్దున పెట్టుకోవచ్చు.